డాక్టరు కోసం దాచిన బుగ్గ

మా మావయ్య పోయిన నెల పోయాడు. సాయంత్రం సుర్మై చేప పులుసు రెండుసార్లు వడ్డించుకుని తిన్నాడు, తెల్లారేసరికి లేడు. ఎనభై దాటిన మనిషి. నొప్పి లేదు, మంచం పట్టింది లేదు, ఎవరి చేతా ఒక్క చెంచా నీళ్ళు పోయించుకున్నది లేదు. పుణ్యాత్ములకి అలాంటి చావు వస్తుందంటారు. ఆ మాట మొదట అన్నవాళ్ళెవరో గాని, వాళ్ళకి మా మావయ్యతో పరిచయం లేదు.

పోర్ట్ బ్లెయిర్ మిడిల్ పాయింట్‌లో ఒక హాలు తీసుకుని సంతాపసభ పెట్టారు. పటానికి గంధపు దండ, పక్కన మైకు. ఒకరి తర్వాత ఒకరు లేచి ఆయన పొగాకు మీద చేసిన యుద్ధం గురించి చెప్పారు. ఒక కుర్రాడైతే కళ్ళు తుడుచుకున్నాడు. "సెక్రటరీ అంకుల్ నా సామ్నే నోరు తెరిసి సూపించినారు. బేటా, నా నోరు సూడు, మీ ఆంటీ గతి యాద్ రక్ఖో అన్నారు. ఆ దినం నుంచి గుట్కా బంద్ చేసీసినాను" అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. దగ్గర బంధువునని నన్ను ముందు వరసలో కూర్చోబెట్టారు. మైకు నా దగ్గరికి తెస్తే వద్దని చెయ్యి ఊపాను. దుఃఖంతో గొంతు పెగల్లేదనుకున్నారు. అనుకోనీ.

అక్కడ చెప్పనిది ఇక్కడ రాస్తున్నాను. పేరు మాత్రం రాయను. తన పేరు అచ్చులో చూసుకోవడం ఆయనకి మహా ఇష్టం. పోయాక కూడా ఆ ముచ్చట తీర్చే ఉద్దేశం నాకు లేదు.

మా అమ్మకి అన్న ఆయన. మా తాత దేశానికి స్వతంత్రం వచ్చిన కొత్తలో సిక్కోలు సముద్రపొడ్డు నుంచి వలలు చుట్టుకుని ఓడెక్కి ఈ దీవికి వచ్చి, జంగ్లీఘాట్‌లో పాక వేశాడు. మావయ్య అప్పటికి తాత భుజం మీద కూర్చునే వయసు. కాని పెద్దయ్యాక ఆయన చెప్పే కథలో "మేం వొచ్చి ఈ ఐలాండు కట్టినాం" అని ఉండేది. భుజం మీద కూర్చుని ఏం కట్టాడో నాకు ఇప్పటికీ తెలియదు. బెస్త ఇంట పుట్టి ఒక్కరోజు వల పట్టలేదు. పడవెక్కితే కడుపులో తిప్పుతుందట. ఒక సర్కారీ ఆఫీసులో ప్యూనుగా చేరి గుమాస్తాగా దిగాడు. ఆ ఉద్యోగం కన్నా మన తెలుగువాళ్ళ సంఘానికి సెక్రటరీగిరీ ఆయనకి పెద్దది. ముప్పయ్యేళ్ళు వదల్లేదు. ప్రెసిడెంట్లు మారారు, సంఘం రెండుగా చీలింది, రెండింటికీ ఆయనే సెక్రటరీ.

నోరే ఆయన ఆస్తి. మాటలు కోటలు దాటేవి. "నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుంది" అన్న సామెత రోజుకి పదిసార్లు అనేవాడు, అదీ ఎదుటివాడు నోరు తెరవబోయే సమయం చూసి. ఉపన్యాసానికి ముందు స్టేజీ వెనక్కి వెళ్ళి పుక్కిలించేవాడు. ఆ గరగరలు మైకులో ఊరంతటికీ వినపడేవి. దానికంటే ముందు పెదవి కింద నుంచి ఖైనీ ముద్ద వేలితో తీసి, కాగితంలో చుట్టి చొక్కా జేబులో దాచుకునేవాడు. శుభ్రత గురించి ముప్పావుగంట మాట్లాడి, దిగి వచ్చి, కాగితం విప్పి అదే ముద్ద మళ్ళీ పెదవి కింద పెట్టుకునేవాడు. ఇది నేను కళ్ళారా చూసినది. ఒకసారి కాదు.

ఎవరి వెనకా నిలబడలేకపోవడం ఆయనకి ఇంకో జబ్బు. బాంబూఫ్లాట్ నుంచి ఫెర్రీలో చాతం వస్తే, ఫెర్రీ జెట్టీకి ఆనకముందే, ఖలాసీ తాడు వేయకముందే, అందరి కన్నా ముందు దూకేవాడు. ఒక వానాకాలం అలాగే దూకి జారాడు. తాడు చుట్టే ఇనుప దిమ్మ మీద కాళ్ళు అటొకటి ఇటొకటిగా కూర్చుండిపోయాడు. చూసినవాళ్ళు నవ్వాలో పరుగెత్తాలో తెలియక నిలబడ్డారట. అదీ జరిగింది. ఆయన చెప్పడం మొదలుపెట్టాక అది తుఫాను అయింది. నీళ్ళలో పడిన బెంగాలీ పిల్లని కాపాడబోయి దెబ్బతిన్నాడు. రెండేళ్ళకి పిల్లతో పాటు తల్లి కూడా నీళ్ళలో పడింది. ఫెరార్గంజ్‌లో ఎవరిదో పెళ్ళికి వెళ్ళినప్పుడు విన్నాను, అప్పటికి ఒక మేక కూడా చేరింది.

ఇక మా అత్త గురించి చెప్పాలి. ఆయన గురించి రాస్తూ ఆవిడ గురించి ఇంత ఆలస్యంగా చెప్పడం కూడా ఆయన ఇంటి పద్ధతే.

అత్త చేపలమ్మేది. తెల్లారి జంగ్లీఘాట్‌లో పడవల దగ్గర గంప నింపుకుని, నెత్తిన పెట్టుకుని, మిట్టలెక్కి దిగి ఊరంతా తిరిగేది. నోట్లో చుట్ట. మన సముద్రపొడ్డు ఆడవాళ్ళు తాగేట్టే అడ్డపొగ తాగేది, అంటే నిప్పున్న కొన లోపలికి, చల్లటి కొన బయటికి. రెండు చేతులూ గంపకి కావాలి, చుట్ట పట్టుకునే చెయ్యి ఉండదు. గాలికీ వానకీ ఆరిపోకూడదు. అందుకని నిప్పు లోపల. అత్తకి వాళ్ళమ్మ నేర్పింది, వాళ్ళమ్మకి వాళ్ళమ్మ. వేవిళ్ళకి మంచిదన్నారు, పంటిపోటుకి మంచిదన్నారు. "నోరు కాలదా అత్తా?" అని చిన్నప్పుడు అడిగేవాళ్ళం. "పెదాలు బిగించి పట్టుకుంటే ఏటీ అవదే" అనేది, చుట్ట తియ్యకుండానే. ఆ మూసిన పెదాల మధ్య నుంచే బేరమాడేది, తిట్టేది, నవ్వేది.

మావయ్యకి ఇది నామోషీ. ఆఫీసువాళ్ళతో నడుస్తుండగా ఎదురుగా గంపతో అత్త కనిపిస్తే రోడ్డు దాటి అవతలి పక్కకి పోయేవాడు. ఇంట్లో ఆవిడని "జంగ్లీ" అనేవాడు. "ఛీ, నోట్లో నిప్పెట్టుకునే మనిషితో కాపరం సేస్తన్నాను" అని వచ్చినవాళ్ళకి చెప్పేవాడు, అరచేతిలో ఖైనీకి సున్నం రాస్తూ. ఆ ఇల్లు గడిచేది ఆ గంప మీదే అని చెప్పేవాడు కాదు.

ఇనుప దిమ్మ మీద కూర్చున్న ఫలితం కొన్నేళ్ళకి బయటపడింది. ఒంటేలు దారి లోపల పుండు మాని, మానినచోట బిగుసుకుపోయింది. బాత్‌రూములో నల్లా తిప్పుకుని అరగంటసేపు మూలిగేవాడు. పోర్ట్ బ్లెయిర్ ఆసుపత్రిలో సన్నటి కడ్డీ పెట్టి దారి వెడల్పు చేసేవాళ్ళు, నాలుగు నెలలు బాగుండేది, మళ్ళీ మొదలు. ఇంట్లో అందరం ఆయన ఒంటేలు సమాచారం రేడియోలో వాతావరణం విన్నట్టు వినేవాళ్ళం.

సునామీకి నాలుగైదేళ్ళ ముందు ఒక డాక్టరు చెప్పాడు. మెయిన్‌లాండ్‌లో దీనికి మంచి ఆపరేషన్ చేస్తున్నారు, బుగ్గ లోపలి పొర కొంచెం కోసి తీసి, ఆ బిగుసుకున్నచోట అతుకు వేస్తారు అని. ఆ పొర మందంగా ఉంటుంది, ఎప్పుడూ తడిలో బతకడం దానికి అలవాటు, కోసినచోట తొందరగా మానుతుంది, అందుకే అది బాగా పనికొస్తుందట. కాని నోరు శుభ్రంగా ఉండాలి, ఖైనీ ఇవాళే మానెయ్యాలి అన్నాడు. నేను అప్పటికి స్కూల్లో టీచరుగా కొత్తగా చేరాను, ఇలాంటి వాటికి తోడు నన్నే తీసుకెళ్ళేవాళ్ళు.

బయటికి రాగానే మావయ్య ఉమ్మేశాడు. "ఎంగిలి నోటిది అక్కడ అతుకెడతారా? నేనేటి మనిషినా, సిరిగిన చెప్పునా?" అన్నాడు. రెండు రోజులు అన్నం సహించలేదు. మూడో రోజుకి ఆయనకి ఒక ఉపాయం తట్టింది. మాకందరికీ వినిపించేట్టు వరండాలో నిలబడి ప్రకటించాడు.

"మనిషికి బుగ్గలు రెండు. ఎడం బుగ్గ నాది. కుడి బుగ్గ డాక్టరుది. బస్, ఫైసలా."

ఆ రోజు నుంచి ఖైనీ ఎడం పక్కనే పెట్టాడు. కుడి పక్క నోటిని కొత్త అల్లుడిని చూసుకున్నట్టు చూసుకున్నాడు. అటువైపు నమలడం మానేశాడు, ఉప్పునీళ్ళతో అటువైపే పుక్కిలించేవాడు. ఇంటికొచ్చిన ప్రతివాడి ముందూ నోరు తెరిచి, వేలితో బుగ్గ లాగి, "సూడండి, గులాబీరంగుంది" అనేవాడు. ఆ తెరిచిన నోట్లో ఎడం పక్క సున్నం కొట్టిన గోడలా తెల్లబడి కనిపించేది.

రోగికి తోడుగా ఒక అటెండెంటు వెళ్ళాలి అన్నారు ఆసుపత్రివాళ్ళు. అత్త వెళ్ళింది. ఇంగ్లీషు కోసం, వేసవి సెలవులు కాబట్టి, నేనూ వెళ్ళాను. మద్రాసుకి ఓడలో బంక్ క్లాసు. రెండో రోజు మావయ్య రెయిలింగ్ పట్టుకుని వాంతి చేసుకుని, కడుక్కుని, ఖైనీ సంచి తీశాడు. నాకు ఒళ్ళు మండింది. చేతిలోంచి లాక్కుని సముద్రంలోకి విసిరేశాను. "ఏటే గుంటా, నీకు పొగరెక్కువైనాది!" అని ఎగిరాడు. గంట తిరక్కుండా ఎవరో బిహారీ దగ్గర చిటికెడు అడుక్కుని తెచ్చుకున్నాడు. దాన్ని కూడా ఎడం పక్కనే పెట్టుకున్నాడు. మాట మీద నిలబడే మనిషి కదా.

ఆ మధ్యాహ్నమే అత్త నన్ను డెక్ మీద ఓ మూలకి తీసుకెళ్ళింది. రెండు రోజులుగా ఆవిడ అన్నంలో కూర కలుపుకోకపోవడం, నీళ్ళు పోసుకుని మింగడం నేను చూస్తున్నాను. చుట్ట కూడా తాగడం లేదు. ఎండకి ఎదురుగా తిరిగి నోరు తెరిచింది. అంగుడంతా తెల్లగా, దాని మీద ఎర్రటి చుక్కలు, ఒక పక్క చింతగింజంత పుండు.

"ఎన్నాళ్ళయిందత్తా?"

"సంక్రాంతి ముందర్నుంచీ. కారం తగిల్తే పేణం పోతంది. ఆడికి సెప్పినాను. కుచ్ నహీ, చుట్ట మానీ, తగ్గుద్ది అన్నాడు." పెదాలు కొంగుతో తుడుచుకుని, "మీ మావని సూసే డాక్టరు నోరే గదా సూస్తాడంట. నాది గూడా ఓపాలి సూడమని సెప్పవే" అంది.

"చెప్తానత్తా" అన్నాను.

ఆవిడ మెయిన్‌లాండ్‌కి వచ్చింది అందుకే అని అప్పుడర్థమైంది. తన నోరు ఎవరో ఒక డాక్టరు చూడాలి. జీవితంలో తన కోసం ఆవిడ అడిగినవి నేను ఎరిగి రెండో మూడో. అందులో ఇది ఒకటి.

మద్రాసు డాక్టరు కుర్రవాడు, తమిళుడు. గదిలో ఏసీ, తెల్లటి వెలుగు. మావయ్య నోరు తెరిపించి లైటు వేశాడు. ఎడం పక్క చూడగానే ఆయన మొహం మారిపోయింది. "ఏమిటిది? మానమన్నారు కదా?" అన్నాడు. నేను తెలుగు చేసేలోపే మావయ్య చెయ్యెత్తి ఆపి, కుడి బుగ్గ వేలితో లాగి చూపించాడు, దుకాణంలో బట్ట విప్పి చూపించినట్టు. డాక్టరు వంగి చూశాడు, వేలితో తడిమాడు. ఆ పక్క నిజంగానే బాగుంది. అతుకుకి ఒక్క బుగ్గ చాలట. నాలుగు చీవాట్లు పెట్టి, ఎడం పక్క మచ్చని వదిలెయ్యకూడదు, పొగాకు మానకపోతే అదే క్యాన్సరవుతుంది అని హెచ్చరించి, ఆపరేషన్‌కి రోజు రాశాడు.

"నేను సెప్పలే? ఒకటి ఆడికి, ఒకటి నాకు" అన్నాడు మావయ్య నాతో. అలాంటి తెలివితక్కువ ఉపాయం ఫలించడం కన్నా ఒళ్ళు మండే విషయం ఉండదు.

డాక్టరు చేతులు కడుక్కుంటూ అత్త వైపు చూశాడు. ఆవిడ గోడ పక్కన నిలబడి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఉంది. "ఆవిడ ఎందుకు నోరు మూసుకున్నారు? నోట్లో ఏమైనా ఇబ్బందా?" అని నన్ను ఇంగ్లీషులో అడిగాడు.

అత్తకి ఇంగ్లీషు ఒక్క ముక్క రాదు. కాని ఆయన చెయ్యి తన వైపు తిరగడం చూసింది. నేను నోరు తెరవకముందే కొంగు దించేసింది. పెదాలు కొంచెం విడివడ్డాయి.

మావయ్య మొహంలో నవ్వు చెదరకుండా, తెలుగులో గబగబా అన్నాడు: "దానికేటీ నేదని సెప్పు. అటెండెంటుకే జబ్బంటే నా డేటు క్యాన్సిల్ సేసేత్తాడు. ముందు నాది అవనీ, తరవాత దాన్ని సూపిద్దాం."

అత్త నా వైపు చూసింది.

"షీ ఈజ్ ఫైన్, డాక్టర్" అన్నాను.

డాక్టరు తల ఊపి చేతులు తుడుచుకున్నాడు. అత్త కొంగు మళ్ళీ నోటికి అడ్డం పెట్టుకుంది.

ఆపరేషన్ బాగా జరిగింది. ఎందుకు జరగదు? కింద గొట్టం, నోట్లో కుట్లు, వారం రోజులు గంజీ మజ్జిగా తప్ప ఏమీ పెట్టొద్దన్నారు. ఆసుపత్రి దగ్గర లాడ్జిలో అత్త స్టవ్ మీద గంజి కాచి, గుడ్డలో వడపోసి, చల్లార్చి చెంచాతో పోసేది. ఆయన ఒక్కో చెంచాకీ కళ్ళు మూసుకుని మూలిగేవాడు. మద్రాసులో ఉన్న మనవాళ్ళు చూడ్డానికొచ్చి, "పాపం, గంజి మీద బతుకుతున్నాడు" అని జాలిపడేవాళ్ళు. వాళ్ళు వెళ్ళాక అత్త అదే గిన్నెలో మిగిలిన గంజి తాగేది. ఆవిడ కూడా దాని మీదే బతుకుతోంది. అది ఆ గదిలో నాకు తప్ప ఎవరికీ తెలియదు.

ఆ డాక్టరు రోజూ ఉదయం రౌండ్స్‌కి వచ్చేవాడు. లాడ్జికి మారాక కూడా మేము రెండుసార్లు వెళ్ళి చూపించాం. ఏ రోజైనా ఒక్క మాట చెప్పొచ్చు. గొట్టం తీసెయ్యనీ, అప్పుడు చెబుదాం అనుకున్నాను. గొట్టం తీశారు. ఓడ టికెట్లు దొరికాయి. మావయ్య "ఈ ఓడ తప్పితే మళ్ళీ ఎప్పుడో" అన్నాడు. అత్త మళ్ళీ అడగలేదు. ఒకసారి అడిగిన మనిషి ఆవిడ, రెండోసారి అడిగే అలవాటు లేదు.

తిరిగొచ్చాక మావయ్య వైభవం చూడాలి. ధార ఎంత దూరం పడుతుందో కొలతలతో సహా చెప్పేవాడు, అదీ భోజనాల దగ్గర. "నా నోటి బలం ఎక్కడిదాకా పోనాదో సూడండి" అనేవాడు. సంఘం సన్మానం చేసింది. శాలువా కప్పారు. దేనికి కప్పారో బ్యానరు మీద రాయడానికి ఇబ్బందిపడి "విశిష్ట సేవలకు" అని రాశారు. అన్నట్టు, మద్రాసు నుంచి వచ్చాక ఖైనీ నిజంగానే మానేశాడు. క్యాన్సరన్న మాటకి హడలిపోయాడు. ఎడం బుగ్గ మచ్చ నెమ్మదిగా తగ్గిపోయింది. తన ఒంటికి సంబంధించిన సంగతి ఏదైనా ఆయన ఒక్కసారి వింటే చాలు.

అత్త గంపెత్తడం మానేసింది. వానలు వెనకపట్టేసరికి పుండు లోపల గుంట పడింది. నీళ్ళు తాగితే ముక్కులోంచి వచ్చేవి. మాట ముక్కులోకి పోయి, బయటివాళ్ళకి అర్థం కావడం మానేసింది. మెడ కింద గోలీకాయంత గడ్డ. పోర్ట్ బ్లెయిర్‌లో చూసిన డాక్టరు ఆవిడ పేరు మీద మెయిన్‌లాండ్‌కి కాగితం రాసిచ్చాడు. ఈసారి ఆవిడ రోగి. అటెండెంటుగా భర్త వెళ్ళాలి.

"ఆపరేషనయిన బాడీ నాది. షిప్పులో కుదిపితే అతుకు ఊడిపోద్ది" అన్నాడు మావయ్య. స్కూలుకి సెలవు పెట్టి నేనే తీసుకెళ్ళాను.

ఈసారి చూసింది పెద్దావిడ, క్యాన్సర్ డాక్టరు. చాలాసేపు చూసింది. మెడలోకి దిగిపోయింది, ఇప్పుడు కోసి లాభం లేదు అంది. ఎప్పటినుంచి అని అడిగింది. చెప్పాను. ఆవిడ కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టింది. "పుండు చిన్నగా ఉన్నప్పుడు వచ్చుంటే అంతవరకూ తీసేసి, బుగ్గ లోపలి పొరే తిప్పి ఆ ఖాళీ మూసేవాళ్ళం. ఈవిడ బుగ్గలు రెండూ చాలా బాగున్నాయి" అంది.

ఓడలో తిరిగొస్తుంటే అత్తకి అది చెప్పాను. చెప్పకూడదేమో, చెప్పాను. ఆవిడ వేలితో తన బుగ్గ బయట నుంచి తడుముకుంది. "ఆడి బుగ్గ ఆడికి పనికొచ్చినాది" అంది.

తర్వాత మూడు నెలలు. జంగ్లీఘాట్ ఇంట్లో లోపలి గదిలో మంచం, వరండాలో మావయ్య. చూడ్డానికి వచ్చిన ప్రతివాళ్ళకీ పొగాకు ఎంత చెడ్డదో చెప్పేవాడు. ఆయన తర్వాతి ఇరవై ఏళ్ళ ఉపన్యాసం అక్కడే, ఆవిడ ఇంకా బతికుండగానే తయారైంది. "నేను మానీసినాను, బతికినాను. అది మాననేదు, సస్తంది." చుట్ట ఆ ఓడలోనే మానేసిన మనిషి గురించి అనేవాడు ఆ మాట.

ఒక పగలు నేను అత్తకి గంజి పోస్తున్నాను. వరండాలో మా దూరపు చుట్టాలు కూర్చున్నారు. మావయ్య గొంతు తలుపులోంచి వినిపిస్తోంది. "మద్రాసులో అప్పుడే డాక్టరు అడిగినాడు. దీని నోరు సూడండని నేను సెప్పమన్నాను. ఈ గుంట ఇంగ్లీషులో సరిగ్గా సెప్పనేదు. బీయే సదివి ఏటి లాభం?"

చెంచా గిన్నెలో పెట్టేశాను. లేచి వెళ్ళి ఆ వరండాలోనే ఆయన్ని కడిగెయ్యాలనుకున్నాను. వెళ్ళి ఏం చెప్పాలి? ఆయన చెప్పినదాంట్లో సగం అబద్ధం. డాక్టరుకి చెప్పనిది నేనే అన్న మిగతా సగం నిజం. అత్త అంతా విన్నది. కళ్ళు తెరిచి నా మణికట్టు పట్టుకుంది. ఆవిడ మాట అర్థమయ్యేది అప్పటికి నా ఒక్కదానికే.

"ఏటీ నేదని ఆడు సెప్పమన్నాడు సరే. నువ్వెందుకు సెప్పీసినావే?"

కోపంగా అడగలేదు. తెలుసుకుందామని అడిగింది.

"బయమేసిందత్తా" అన్నాను.

ఆవిడ నా మణికట్టు మీద రెండుసార్లు తట్టింది. "ఔనే. ఆడంటే అందరికీ బయవే" అంది. అంత బాధలో నన్ను ఓదార్చింది. నాలుగు రోజులకి పోయింది. నా మాట నమ్మే పోయింది.

మావయ్యంటే నాకు ఎప్పుడూ భయం లేదు. అసహ్యమే. ఆ రోజు ఆ ఏసీ గదిలో అత్త నోరు చూస్తే, ఇది ఎందుకొచ్చింది అని డాక్టరు అడుగుతాడు. మా అత్త నిప్పు నోట్లో పెట్టుకుని చుట్ట తాగుతుందని నా ఇంగ్లీషులో నేను చెప్పాలి. నాకు సిగ్గేసింది.